కళ్ళం దాటిన పంటకు కాపలా



వరికి దోమపోటు తగిలినప్పుడో, చెరువులో చేప పైకి తేలినప్పుడో ఏమి చేయాలో చెప్పడానికి మాబోటి విస్తరణ ఉద్యోగులు మీ ముందుకు వస్తూ ఉంటారు. ఇవాళ నేను చెప్పబోయే తెగులు చేలో కనిపించేది కాదు. నారు పోసి, ఊడ్చి, ఎరువు వేసి, పురుగు నుంచీ ఎలుక నుంచీ తుపాను నుంచీ గట్టెక్కించి మీరు ఇంటికి తెచ్చుకున్న ఫలితం ఒక్క రాత్రిలో చేజారిపోవడమనే తెగులు. అంటే దొంగతనం సంగతి.

"ఇది పోలీసువారు చెప్పవలసిన మాట గదా, వ్యవసాయ శాఖవారికి ఎందుకు?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని ఒక్కటి ఆలోచించండి. సస్యరక్షణ అనేది చేలోనే ఆగిపోతుందా? గింజ డబ్బుగా మారాలి. ఆ డబ్బు కొంత అప్పు తీర్చాలి, కొంత పిల్లదాని పెళ్ళికి బంగారం కావాలి, కొంత పై పంటకు పెట్టుబడి కావాలి. అంతవరకూ కాపాడితేనే పంట కాపాడినట్లు. మధ్యలో ఎవడో ఎత్తుకుపోతే, ఈ ఏటి అప్పుకు పై ఏటి అప్పు తోడవుతుంది. ఎకరానికి రెండు బస్తాలు ఎక్కువ పండించే ఉపాయం చెప్పి, పండిన దాన్ని నిలుపుకునే ఉపాయం చెప్పకపోతే మా పని సగమే అయినట్లు.

మన ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి పరగణాలలో దొంగతనానికి కూడా ఒక పంచాంగం ఉంది. దొంగ మన పంటల కాలాన్ని మనకంటే శ్రద్ధగా చూస్తాడు. సార్వా కోతలు వచ్చాయనుకోండి. ధాన్యంలో తేమ 17 శాతానికి దిగితేగాని కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. అందుకని రోడ్డు మీదా కళ్ళంలోనూ ధాన్యం ఆరబోసి, మబ్బు పట్టిందేమోనని ఆకాశం చూస్తూ, ఇంటిల్లిపాదీ రాత్రిళ్ళు అక్కడే ఉంటారు. ధాన్యానికి కాపలా ఉంది. ఇంటికి ఎవరున్నారు? ఆ తర్వాత సంక్రాంతి. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ మగవాళ్ళు కోడిపందాల బరుల దగ్గర, ఆడవాళ్ళు పుట్టింట్లో. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు పడవలెక్కి ఊళ్ళకు ఊళ్ళు కదిలిపోతాయి. వేసవిలో దాళ్వా డబ్బు చేతికి వచ్చే రోజులే పెళ్ళిళ్ళ రోజులు కూడా. ఉక్కకు తాళలేక ఇంటివారంతా డాబా మీదో వాకిట్లోనో పడుకుంటారు, కింద తలుపులు బార్లా తెరిచి ఉంటాయి. వానాకాలంలో వరద వస్తే లంక గ్రామాలవారు ఇళ్ళు వదలి మెరకకు పోవలసి వస్తుంది. ఇట్లా చూస్తే, మన చేతిలో సొమ్ము ఉండే రోజులూ మన ఇంట్లో మనిషి లేని రోజులూ ఒకటే అవుతున్నాయి. ఇదే అసలు చిక్కు.

ఇక దొంగ దగ్గరకు వద్దాం. దొంగకు కావలసినవి మూడు. మొదటిది కబురు. ఏ ఇంట్లో ఏముంది, ఎవరు లేరు అనే కబురు. రెండవది చాటు. అంటే నలుగురి కంట పడకుండా ఇంటి దాకా వచ్చే దారి. మూడవది తీరిక. తలుపు తీయడానికీ, బీరువా వెతకడానికీ పట్టే సమయం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా వాడు ఆ ఇల్లు వదలి వేరే ఇల్లు చూసుకుంటాడు. మూడూ లేకుండా చేస్తే ఊరే వదలిపోతాడు.

మొదట కబురు సంగతి. దొంగకు కబురు అందించేది చాలావరకు మనమే. ధాన్యం అమ్మిన రోజున కాఫీ హోటలు దగ్గర "ఎంత వచ్చింది బావా?" అని ఒకరడిగితే, పదిమంది వినేటట్లు లెక్క చెబుతాం. చెరువు పట్టుబడి అయితే లారీ ఎన్ని టన్నులు ఎత్తిందో ఊరంతా తెలుస్తుంది. ఈ రోజుల్లో దానికి చేతిలోని ఫోను కూడా తోడైంది. తిరుమల కొండ మీద కుటుంబమంతా నిలబడి తీసుకున్న ఫొటో ఆ సాయంత్రమే ఫోనులో స్టేటస్‌గా పెడతారు. "మా ఇంట్లో ఎవరూ లేరు, ఎల్లుండి దాకా రాము" అని గుమ్మానికి బోర్డు కట్టినట్లే గదా! ఫొటోలు ఇంటికి వచ్చాక పెట్టుకోండి. దేవుడేమీ అనుకోడు.

ఇంటి ముందర వేలాడే తాళంకప్ప కూడా ఒక కబురే. వీధిలో పోయేవాడికి అది దూరం నుంచే కనబడుతుంది. తలుపులోనే ఇమిడిపోయే తాళం బిగించుకుంటే, ఇంట్లో మనిషి ఉన్నాడో లేడో బయటకు తెలియదు. ముగ్గు లేని వాకిలి, గేటులో పోగుపడిన కాగితాలు, పగలు కూడా వెలుగుతున్న వీధి దీపం, ఇవన్నీ కబుర్లే. ఊరికి వెళ్ళేటప్పుడు పొరుగింటి అక్కయ్యకో పిన్నిగారికో చెప్పి, పొద్దున్నే వాకిట్లో నీళ్ళు చల్లి ముగ్గు వేయించండి. చీకటి పడగానే దీపం వేసి, తెల్లవారాక ఆర్పమనండి. మీరు వాళ్ళకు అదే సాయం చేయండి. ఖర్చులేని కాపలా ఇది.

మాయమాటలతో కబురు లాగేవారు కూడా ఉన్నారు. నగలకు మెరుగు పెడతామని ఒకడు వస్తాడు. కరెంటు ఆఫీసు నుంచి వచ్చానని మరొకడు వస్తాడు. "ముందు వీధిలో దొంగలు తిరుగుతున్నారమ్మా, మేము పోలీసులం, మెడలోది తీసి ఈ కాగితంలో చుట్టుకో" అని ఇంకొకడు వస్తాడు. కాగితంలో చుట్టేలోపలే గొలుసుకు బదులు గులకరాయి పెడతాడు. నిజమైన పోలీసు ఎవరూ నగలు తీయమని అడగరు. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళకు ఈ మాట ఒకటికి నాలుగుసార్లు చెప్పండి. గుర్తింపు కార్డు చూడకుండా, పక్కింటివారిని పిలవకుండా ఎవరినీ నడవ దాటి రానివ్వవద్దు.

రెండవది చాటు. పల్లెటూళ్ళో దొంగ వీధి గుమ్మం నుంచి రాడు, దొడ్డి వైపు నుంచి వస్తాడు. దొడ్డిగోడను ఆనుకొని గడ్డిమేటు వేస్తాం. దాని మీద ఎక్కితే గోడ అవతలే. పైగా నిప్పు అంటుకుంటే ఇంటికి చేటు. కనుక గడ్డిమేటు గోడకు ఎడంగా వేసుకోండి. కొల్లేటి ఒడ్డు ఊళ్ళలో ఇంటి వెనుకనే కిక్కిస దుబ్బులూ, గుర్రపుడెక్క నిండిన బోదెలూ ఉంటాయి. మనిషి కూర్చుంటే కనబడడు. ఇంటి చుట్టూ కొంత మేర శుభ్రం చేసుకుంటే పాముల బెడద కూడా తగ్గుతుంది. దొడ్డి వైపు ఒక దీపం తప్పక ఉండాలి. మనిషి అలికిడికి తానే వెలిగే దీపాలు వచ్చాయి. కరెంటు పోయినా వెలిగే సోలారు దీపాలూ దొరుకుతున్నాయి.

ఇంకొక ముఖ్యమైన మాట. గునపం, పలుగు, గొడ్డలి, నిచ్చెన, ఇవి మన పనిముట్లే. రాత్రిపూట ఆరుబయట పడవేస్తే దొంగ పనిముట్లవుతాయి. మన తలుపును మన గునపంతోనే పెకలించడం కంటే విచారమేముంది? సాయంత్రం ఎడ్లను కట్టేసినట్లే పనిముట్లను కూడా లోపల పెట్టి తాళం వేయడం అలవాటు చేసుకోవాలి.

కుక్క సంగతి చెప్పనక్కరలేదు. ఐతే దొంగలు పడ్డ ఆరు నెలలకు మొరిగే కుక్కను నమ్ముకుంటే లాభం లేదు. కొత్తవాడు పెట్టిన మాంసం ముక్క తినకుండా దానికి అలవాటు చేయాలి. కోళ్ళు పెంచేవారు నాలుగు గిన్నీ కోళ్ళు కూడా పెంచి చూడండి. రాత్రి వేళ కొత్త అలికిడి అయితే అవి ఊరు లేచేటట్లు అరుస్తాయి. గుడ్డూ వస్తుంది, కాపలా కూడా జరుగుతుంది.

మూడవది తీరిక. మన తాతల కాలంలో మట్టిగోడలకు కన్నం వేసి దొంగ లోపలికి దూరేవాడు. కన్నపు దొంగ అనే మాట అట్లా వచ్చిందే. ఇప్పుడు గోడలు సిమెంటువి, కన్నం వేయనక్కరలేదు. తలుపే మెత్తన. వందల రూపాయల తాళం కొంటాం, దాన్ని తగిలించే గొళ్ళేన్ని మాత్రం చిన్న మేకులతో బిగిస్తాం. దొంగ తాళం జోలికి పోడు. గొళ్ళెం సందున ఇనుప కడ్డీ పెట్టి ఒక్క పెకలింపుతో మేకులతో సహా ఊడదీస్తాడు. కనుక గొళ్ళేలనూ బందులనూ పొడుగాటి మరమేకులతో బిగించండి. వీలైతే ద్వారబంధం దాటి అవతలకు బోల్టు వేసి బిగించండి. దొడ్డి గుమ్మానికి లోపలి నుంచి అడ్డగడియ పెట్టండి. కిటికీ ఊచలు నిలువుగా మాత్రమే ఉంటే వంగిపోతాయి. వాటికి అడ్డంగా రెండు ఇనుప పట్టీలు వేయించండి. పెంకుటింటివారు పైకప్పు సంగతి మరవవద్దు. నాలుగు పెంకులు తొలగిస్తే దారి ఏర్పడుతుంది. నగా నట్రా ఉంచే గదికైనా పెంకు కింద ఇనుప వల కొట్టించండి.

తాళంచెవి ఎక్కడ పెడుతున్నారు? తులసికోట మీద, కరెంటు మీటరు పెట్టెలో, గుమ్మం పైన గూట్లో, చెప్పుల కింద. బీరువా చెవి బీరువా మీదనే, లేదా చీరల మడతల్లో. ఈ చోట్లన్నీ మనకెట్లా తెలుసునో దొంగకూ అట్లాగే తెలుసు. బియ్యం డబ్బాలో దాచిన గొలుసు సంగతి కూడా వాడికి కొత్త కాదు. దొంగ చేతికి తాళాలు ఇవ్వడమంటే ఇదే. చెవి మనిషితో ఉండాలి, లేదా నమ్మకమైన పొరుగువారి చేతిలో ఉండాలి.

కెమెరాలు పెట్టుకునేవారికి ఒక మాట. బొమ్మలు నమోదయ్యే పెట్టెను టీవీ పక్కనే పెడితే, దొంగ పోతూ పోతూ దాన్ని కూడా చంకన పెట్టుకుపోతాడు. అది ఎవరికీ తెలియని చోట ఉండాలి. ఊరికి వెళ్ళేవారు పోలీసు స్టేషనులో చెప్పి వెళ్ళడం మంచిది. తాళం వేసిన ఇళ్ళలో, ఇంటివారు కోరితే ఉచితంగా కెమెరా అమర్చి కనిపెట్టే పద్ధతిని ఎల్.హెచ్.ఎం.ఎస్. పేరుతో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ప్రవేశపెట్టారు. మీ స్టేషను పరిధిలో దానికి వీలుందేమో కనుక్కోండి.

ఇన్ని చేసినా పెద్ద రక్ష ఏమిటంటే, ఎత్తుకుపోదగినది ఇంట్లో లేకుండా చూసుకోవడమే. కొనుగోలు కేంద్రంలో అమ్మిన ధాన్యం సొమ్ము నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతోంది. చేపలకు, నిమ్మకాయలకు మాత్రం నగదు చేతులు మారడం ఇంకా ఉంది. వీలైనంతవరకు వాటినీ ఖాతాకే వేయించుకోండి. ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరి డిపాజిట్టుకు 5 లక్షల రూపాయల దాకా బీమా ఉంది. 2020 ఫిబ్రవరి నుంచి ఆ మొత్తం అమలులో ఉంది. ట్రంకు పెట్టెలోని నోట్లకు ఏ బీమా ఉంది? రోజూ పెట్టుకోని బంగారం లాకరులో ఉంచండి. బ్యాంకు నిర్లక్ష్యం వల్ల లాకరులోని సొత్తు దొంగల పాలైతే, ఏడాది అద్దెకు 100 రెట్ల వరకు బ్యాంకు బాధ్యత వహించాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. అది 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది.

ఇంట్లో ఉన్న ప్రతి నగకూ ఫొటో తీసి, ఎంత బరువో ఒక పుస్తకంలో రాసుకోండి. కొన్న రసీదు దాచండి. ఫోనులో చుక్క, గళ్ళగుర్తు, సున్నా, ఆరు, గళ్ళగుర్తు నొక్కితే 15 అంకెల సంఖ్య వస్తుంది. దాన్ని కూడా రాసుకోండి. ఫోను పోతే 2023లో వచ్చిన సంచార్ సాథీ ద్వారా దాన్ని పనిచేయకుండా చేయించడానికి ఆ సంఖ్యే ఆధారం. ఈ పుస్తకాన్ని మాత్రం బీరువాలో పెట్టవద్దు. ఒక నకలు వేరే ఊళ్ళోని కొడుకు దగ్గరో కూతురు దగ్గరో ఉంచండి.

ఇప్పుడు ఇంటి బయట ఉండే సొత్తు గురించి. మెట్టలో పామాయిలు తోటల బోరు మోటార్లు, కొల్లేటి వైపు చెరువుగట్ల మీద మోటార్లు, ఏరేటర్లు, మేత బస్తాలు, వైరు చుట్టలు, ఇవన్నీ రాత్రంతా ఊరికి దూరంగా ఉంటాయి. మోటారులో దొంగకు కావలసింది రాగి. కరిగించాక ఎవరిదో చెప్పడం కష్టం. అందువల్ల మోటారు మీద మీ పేరూ ఊరూ చెరిగిపోకుండా చెక్కించండి, నంబరు రాసి ఉంచుకోండి. సిమెంటు దిమ్మకు బోల్టులతో బిగించండి. వాడకం లేని రోజుల్లో ఇంటికి తెచ్చుకోండి. మేత పదిహేను రోజులకు కాక, వారానికి సరిపడా మాత్రమే మకాంలో నిలవ ఉంచండి. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఎవరైనా పని చేస్తూ కనబడితే, కరెంటువారే అనుకొని ఊరుకోకండి. 1912కు ఫోను చేసి అడగండి.

చెరువు కాపలాదారు సంగతి కూడా ఆలోచించాలి. గట్టు మీద ఒంటి పాకలో, భార్యాపిల్లలతో ఉండే పేదవాడతడు. అతని చేతికి కర్ర ఇచ్చి, ఎకరాలకు ఎకరాల చెరువు అప్పగించి, నెల జీతం ఆలస్యం చేస్తాం. సొత్తు పోతే మొదట అతన్నే అనుమానిస్తాం. అతనికి మంచి దీపం, ఛార్జింగు ఉన్న ఫోను, పిలిస్తే పలికే పక్క చెరువువారి నంబరు, వేళకు జీతం, ఇవి ఇవ్వాలి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇంట్లో మనిషిని మనిషిగా చూస్తే ఆ సామెతతో పని చాలావరకు తప్పుతుంది.

ఇక్కడ గట్టిగా చెప్పవలసిన మాట ఒకటుంది. దొంగ రాకుండా చెరువు చుట్టూ, తోట చుట్టూ కరెంటు తీగ లాగేవారు అక్కడక్కడ ఉన్నారు. ఇది మహాపాపం, పెద్ద నేరం కూడా. ఆ తీగకు దొంగే తగులుతాడని ఏమున్నది? తెల్లవారుజామున బయటకు వచ్చిన ముసలమ్మ తగలవచ్చు, బడి పిల్లవాడు తగలవచ్చు, మీ గేదె తగలవచ్చు, నిద్రమత్తులో నీరు కట్టడానికి వచ్చిన మీ తమ్ముడే తగలవచ్చు. నాలుగు వేల రూపాయల చేప కోసం నిండు ప్రాణం తీసుకోవద్దు. అటువంటి తీగ మీ గట్టు మీద ఉంటే ఈ పూటే తీసివేయండి.

లంక గ్రామాలవారికి వరద జాగ్రత్త. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చి కొల్లేటిలో చేరినప్పుడు లంక ఊళ్ళను నీరు చుట్టుముట్టింది, ఏలూరు - కైకలూరు రోడ్డు మీద రాకపోకలు ఆగిపోయాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి లాగడానికి రోజులు పడుతుంది. అంతకాలం ఇళ్ళు ఖాళీగా ఉంటే మనసు నిలవదు. సామాను మీద బెంగతో నీళ్ళలో ఉండిపోయేవారు, తిరిగి ఈదుకుంటూ పోయేవారు ఉంటారు. అందుకని వరద రోజులకు ముందుగానే ఒక సంచి సిద్ధం చేసుకోండి. పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకాలు, ఆధారు కార్డులు, నగలు, మందులు నీరు తగలని సంచిలో పెట్టుకుంటే, "కదలండి" అనగానే కదలవచ్చు. వీధికి ఇద్దరు ముగ్గురు యువకులను ఎంపిక చేసుకొని, అధికారులకు చెప్పి, పగటిపూట పడవలో ఒక చుట్టు తిరిగి ఇళ్ళు చూసి వచ్చే ఏర్పాటు చేసుకోండి. ఎవరూ ఒంటరిగా పోవద్దు.

వరద రోజుల్లో అందరూ కలిసి చేసే ఈ ఏర్పాటు మిగతా రోజుల్లో కూడా కావాలి. మన డెల్టాలో ఎలుకల నివారణ ఎట్లా చేస్తామో మీకు తెలుసు. నూకలు 96 పాళ్ళు, నూనె 2 పాళ్ళు, బ్రోమోడయోలోన్ మందు 2 పాళ్ళు కలిపి, ఊరి ఆయకట్టంతా ఒకే రోజున బొరియల్లో పెడతాం. ఎందుకు? ఒక్క రైతు పెడితే ఎలుక పక్క చేలోకి పోతుంది, నాలుగు రోజులకు మళ్ళీ వస్తుంది. దొంగ విషయం కూడా అంతే. మీ ఇంటికి మాత్రం పెద్ద గేటు పెట్టుకుంటే వాడు పక్కింట్లో పడతాడు. వీధి అంతా కలిస్తేనే వీధికి రక్ష. పూర్వం ఊళ్ళో తలారి రాత్రిపూట కర్ర చప్పుడు చేస్తూ తిరిగేవాడు. ఆ పని ఇప్పుడు మనమే పంచుకోవాలి. కోతల కాలంలోనూ పండుగ రోజుల్లోనూ వీధికి నలుగురు చొప్పున వంతులు వేసుకొని, స్టేషనులో పేర్లు ఇచ్చి, గస్తీ తిరగవచ్చు. చేతిలో దీపం, ఈల, ఫోను ఉంటే చాలు. ఆయుధాలతో పనిలేదు.

ఊరి చివరి ఇళ్ళను ఈ గస్తీలో ముందు చేర్చండి. 2021 నవంబరు, డిసెంబరు నెలల్లో విజయవాడ చుట్టుపక్కలా, అవతల గుంటూరు జిల్లా తాడేపల్లి వైపూ నిక్కర్లు తొడుక్కొని వచ్చిన ముఠా ఒకటి వరుసగా ఇళ్ళలో పడింది. పోలీసులు గుజరాత్‌లోని దాహోద్ ప్రాంతం దాకా పోయి కొందరిని పట్టుకున్నారు. అటువంటి ముఠాలకు శివారు ఇళ్ళంటేనే ఇష్టం. చాటూ ఉంటుంది, పారిపోవడానికి పొలమూ ఉంటుంది. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండగా, ముసలి దంపతులిద్దరే ఉండే ఇళ్ళు కూడా ముఖ్యం. రాత్రి పడుకునే ముందు ఒకసారి, తెల్లవారగానే ఒకసారి, "బాబాయిగారూ, బాగున్నారా?" అని పక్కింటివారు పలకరించాలి. ఆ ఒక్క పలకరింపే పెద్ద కాపలా.

ఐతే కాపలా పేరుతో అన్యాయం చేయకూడదు. 2018 మే నెలలో తెలుగు రాష్ట్రాలలో దొంగల ముఠాలు, పిల్లల్ని ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారని ఫోన్లలో పుకార్లు పుట్టాయి. మతి స్థిమితం లేనివారినీ, యాచకులనూ, దారి తప్పి వచ్చినవారినీ జనం కొట్టారు. కొందరు చనిపోయారు కూడా. వారిలో దొంగ ఎవడు? సంక్రాంతికి వచ్చే గంగిరెద్దులవారు, బుడబుక్కలవారు, బాతులు మేపుకుంటూ ఊరూరా తిరిగేవారు మన పల్లెలకు కొత్తవారా? ఒకప్పుడు తెల్లదొరలు 1871లో చట్టం చేసి, కొన్ని కులాలలో పుట్టినవారిని పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కకట్టారు. స్వతంత్రం వచ్చాక 1952లో ఆ చట్టాన్ని తీసివేశారు. చట్టం పోయినా ఆ చూపు మన కళ్ళలో మిగిలి ఉండకూడదు. కులాన్నిబట్టి, బట్టలనుబట్టి దొంగను పోల్చవద్దు. ఏ పని చేస్తున్నాడో దాన్నిబట్టి చూడండి.

అనుమానం వస్తే 112కు ఫోను చేయండి. మీ కళ్ళముందే దొంగతనం చేస్తున్నవాడిని పట్టుకునే హక్కు మీకు ఉంది. కాని కొట్టే హక్కు లేదు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం, పట్టుకున్న మనిషిని ఆలస్యం చేయకుండా, ఆరు గంటల లోపల పోలీసులకు అప్పగించాలి. రాత్రివేళ దొంగతనానికి ఇల్లు పగలగొట్టినవాడికి 14 ఏళ్ళ దాకా శిక్ష పడవచ్చు. ఆ శిక్ష కోర్టు వేయాలి, మనం కాదు. నలుగురూ కలిసి కొడితే ప్రాణం పోతుంది. అప్పుడు సొత్తు పోగొట్టుకున్నవాడే హత్య కేసులో ముద్దాయి అవుతాడు.

అర్ధరాత్రి మెలకువ వచ్చేసరికి దొంగ ఇంట్లో ఉన్నాడనుకోండి. వాడి దారికి అడ్డం పోవద్దు. ఉన్న గదికి గడియ పెట్టుకొని, దీపాలు వేసి, కేకలు పెట్టండి, ఫోను చేయండి. వాడు కత్తి చూపితే అడిగింది ఇచ్చివేయండి. మనిషి మిగిలితే మళ్ళీ పండించుకోవచ్చు.

దొంగతనం జరిగిపోయిందనుకోండి. ఊరంతా లోపలికి వచ్చి చూసి, బీరువా సర్ది, ఇల్లు ఊడ్చి, ఆ తర్వాత పోలీసులకు చెబుతారు చాలామంది. వేలిముద్రలన్నీ పోతాయి. అట్లా చేయవద్దు. ఏదీ ముట్టకుండా బయటకు వచ్చి, తలుపు దగ్గర ఒకరిని నిలబెట్టి, పోలీసులు వచ్చేదాకా ఆగండి. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడ్డాక కైకలూరు ఏలూరు జిల్లాలోనూ, ఆకివీడు, తాడేపల్లిగూడెం పశ్చిమగోదావరి జిల్లాలోనూ ఉన్నాయి. ఇల్లు ఒక జిల్లా, చెరువు ఒక జిల్లా అయినవారున్నారు. "ఇది మా పరిధి కాదు" అనే మాట వినవలసిన పనిలేదు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలని చట్టం చెబుతోంది. ఎఫ్.ఐ.ఆర్. నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. పోయిన వస్తువుల జాబితాలో ఉన్నదున్నట్లు రాయండి. ఎక్కువ రాస్తే దొరికిన సొత్తుకూ జాబితాకూ పొంతన కుదరదు. సొత్తు దొరికితే కోర్టు ద్వారా మీకు వస్తుంది. అప్పుడు మీరు దాచిన రసీదూ, ఫొటో, బరువు రాసిన పుస్తకమూ మీ తరఫున సాక్ష్యం చెబుతాయి.

సోదరులారా, చెప్పినవన్నీ ఒకే రోజున చేయమనడం లేదు. ఈ వారం మూడు పనులు చేయండి. దొడ్డి గుమ్మం గొళ్ళేనికి పొడుగాటి మరమేకులు వేయించండి. నగలకు ఫొటోలు తీసి లెక్క రాయండి. పొరుగింటివారితో కూర్చొని, ఎవరు ఊరికి పోతే ఎవరు చూడాలో మాట్లాడుకోండి. మొదటిదానికి కొద్ది ఖర్చు, రెండవదానికి ఒక సాయంత్రం, మూడవదానికి ఒక మంచి మాట కావాలి. చేను కాపాడుకున్న చేతులకు ఇల్లు కాపాడుకోవడం కష్టం కాదు.